కట్టుసీమను రాసిన వేసవి

రేపు బడి వార్షికోత్సవం అనగా, రంగుకాగితాల తోరణం కట్టడానికి నిచ్చెనెక్కి, పైమెట్టు మీద నుంచి జారి కిందపడ్డాను. కుడికాలు మోకాలి కింద విరిగింది. ఎనభైల మధ్యకాలం అది. నాకు ఇరవై మూడేళ్ళు. చిత్తూరులో ఒక ప్రైవేటు బళ్ళో సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని.

ఆసుపత్రిలో పిండికట్టు వేస్తామన్నారు. మా నాయన ఒప్పుకోలేదు. చిన్నప్పుడు ఆయన చెయ్యి విరిగితే పుత్తూరు నాటు కట్టుతోనే అతుక్కుందట. ఆ చేత్తోనే ఇన్నేళ్ళుగా చెనక్కాయల మూటలు ఎత్తుతున్నాడు. ఇక వేరే మాట లేదు. అద్దెకారులో వెనక సీటు మీద నన్ను పడుకోబెట్టి, కాలి కింద దిండు పెట్టి పుత్తూరు తీసుకుపోయారు. దారిలో ప్రతి గుంతనూ నేను గట్టిగా తిట్టినట్టు అమ్మ తర్వాత చెప్పింది.

కోడిగుడ్డు సొన, ఏదో ఆకు పసరు, నూలుగుడ్డ, వెదురు బద్దలు. కట్టేటప్పుడు కళ్ళు తిరిగాయి. కట్టిన తర్వాత హాయిగా ఉంది. రెండు వారాలకోసారి కట్టు మార్చాలి, ఎముక అతికేదాకా కాలు నేలమీద మోపకూడదు అన్నారు. అట్లాంటి వాళ్ళకోసమే దగ్గరి పల్లెలో ఒక ఇంటివాళ్ళు గదులు అద్దెకిచ్చేవాళ్ళు. వరసగా నాలుగు గదులు, వాటి ముందు పొడుగాటి పెంకుల వసారా. నాకు తోడుగా అమ్మ ఉండిపోయింది. నాయన, చెనక్కాయల పని తెమిలాక ఏదో ఒక ఆదివారం వస్తానని చెప్పి, ఆ కారులోనే చిత్తూరు వెళ్ళిపోయాడు.

మొదటి వారం నేను చేసిందల్లా పెంకులు లెక్కపెట్టడం. పగటిపూట గదుల్లో ఉక్క. అందుకని పొద్దెక్కగానే మమ్మల్నందర్నీ మంచాలతో సహా వసారాలోకి తెచ్చి వేసేవాళ్ళు. అట్లా నలుగురం వరసగా, రైలు పెట్టెలో బెర్తుల మీద పడుకున్నట్టు ఉండేవాళ్ళం.

నా పక్క మంచం ఒక అవ్వది. వడమాలపేట దగ్గరి పల్లె. చింతకాయలు దులపడానికి చెట్టెక్కి పడింది. ఎడమ చెయ్యీ భుజమూ కలిపి కట్టు. అరవై దాటిన మనిషి చెట్టెందుకెక్కిందని ఎవరైనా అంటే, "ఎక్కేది సరిగ్గానే ఎక్కినాను, కొమ్మే సరిగ్గా లేదు" అనేది. ఆ తర్వాత మంచం గూడూరు నిమ్మకాయల వ్యాపారిది. లారీ మీద నుంచి దూకి మోకాటి చిప్ప పగలగొట్టుకున్నాడు. నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆ చివర మద్రాసులో ఇంజనీరింగు చదివే ఒక కుర్రాడు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, వాళ్ళమ్మది పుత్తూరు. వాలీబాల్ ఆడుతూ చీలమండ విరగ్గొట్టుకున్నాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. దిండు కింద నుంచి ఏవో కాగితాలు తీసి చదివి, మళ్ళీ దిండు కింద పెట్టేవాడు.

"ప్రేమ ఉత్తరాలేమో" అని వ్యాపారి నాకు సైగ చేశాడు.

ఎనిమిదో రోజు నేను ఆగలేక అడిగేశాను. "ఏం చదువుతున్నావు తమ్ముడూ? అయిపోతే నాకిస్తావా?"

కాసేపు తటపటాయించి, వ్యాపారి చేతి నుంచి అవ్వ చేతికీ, అవ్వ ద్వారా నా చేతికీ ఆ కాగితాలు పంపాడు. ఇరవై ఆరు జిరాక్సు కాగితాలు. ఇంగ్లీషు. మొదటి కాగితమే ఒక వాక్యం మధ్యలో మొదలైంది. ఒక దేశం గురించి రాసి ఉంది. ఏ కొండ దాటితే ఏ ఊరు వస్తుంది, ఆ ఊరి సత్రంలో ఏం దొరుకుతుంది, వంతెన దగ్గర కాపలా ఉన్నవాడి గుణమేమిటి, అడవిలో ఏ జంతువు ఏ పొద్దులో బయటికి వస్తుంది. నేను దేశాల గురించి పాఠాలు చెప్పే మనిషిని. ఈ ఊర్లు ఒక్కటీ నేను వినలేదు. ఐరోపాలో ఏదో మూల అనుకున్నాను. పదో కాగితంలో ఎగిరే పాము వచ్చింది.

"ఇది ఎక్కడుంది?" అన్నాను.

"ఎక్కడా లేదక్కా" అన్నాడు.

లేని దేశానికి ఇంత వివరంగా దారి చెప్పడమా! నాకు ఒళ్ళు జలదరించింది. ఇప్పటికీ ఆ క్షణం తలుచుకుంటే అట్లాగే ఉంటుంది.

అప్పుడు చెప్పాడు. వాళ్ళ హాస్టల్లో సీనియర్లు కొందరు ఈ ఆట ఆడతారట. ఎవరికో విదేశం నుంచి వచ్చిన పుస్తకం, దాన్నుంచి జిరాక్సు, ఆ జిరాక్సు నుంచి ఇంకో జిరాక్సు. ఇతని చేతికి ఈ ముక్కే దొరికింది. ఒకరు దేశాన్ని నడుపుతారు. మిగతావాళ్ళు ఆ దేశంలో తిరిగే మనుషులు. ఏం చేయదలుచుకున్నామో నోటితో చెప్పాలి. అది నెరవేరుతుందో లేదో పాచిక చెబుతుంది.

"గెలిచేదెవరు?" అని వ్యాపారి అడిగాడు.

"ఎవరూ గెలవరన్నా."

"మరి ఎప్పుడైపోతాది?"

"అయిపోదు."

వ్యాపారి నా వైపు చూశాడు. "అబ్బా, మనకు కావల్సింది అదే గదమ్మా. మనకీడ ఇంకా నెలన్నర ఉండాది."

మర్నాడు మధ్యాహ్నం అన్నాలైన తర్వాత ఆట మొదలుపెట్టాం. కుర్రాడు మంచంలో లేచి కూర్చుని, గొంతు సవరించుకుని, మాకు వేషాలు పంచాడు. వ్యాపారి కత్తి పట్టిన వీరుడు. నేను మంత్రగత్తెను. అవ్వ దొంగ.

"నేనెందుకప్పా దొంగనైతాను? నేను సింతకాయలు రాల్సేదాన్ని" అంది అవ్వ.

సరే, అట్లాగే ఉండమన్నాడు. మేం ముగ్గురం మోకాలి లోతు మంచులో నడుస్తున్నామనీ, దూరంగా ఒక ఊరి దీపాలు కనబడుతున్నాయనీ చెప్పాడు. చక్కగా చెప్పాడు. నేను మంచు ఎన్నడూ చూడలేదు, అయినా ఆ ఉక్కలో కాళ్ళు చల్లబడినట్టు అనిపించింది.

"ఏం చేస్తావవ్వా?"

"ఆ ఊర్లో ఏం తింటారు?"

కాగితం చూసి, "రొట్టె, మాంసం" అన్నాడు.

"రొట్టె దేంతో?"

"గోధుమలతో."

"మోకాటి లోతు మంచులో గోధుమలు యాడ పండినాయి?"

కాగితాలు తిరగేశాడు. ఆ సంగతి ఉండాల్సిన చోట కాగితం లేదు. నీళ్ళు యాడి నుంచి వస్తాయని అవ్వ మళ్ళీ అడిగింది. పశువులను యాడ కడతారని అడిగింది. ఆ ఊరికి బండి పోతుందా అని వ్యాపారి కూడా అందుకున్నాడు. కుర్రాడి మొహం ఎర్రబడింది.

"అవ్వా, ఇది ఆట! అన్నీ అడగకూడదు."

"పోయే దేశం గురించి అడక్కుండా ఎట్ల పోతామప్పా?" అంది అవ్వ, కోపం లేకుండానే.

అతను కాగితాలు మడిచి దిండు కింద తోసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండు రోజులు పలకలేదు. అవ్వ జామకాయ పంపితే తీసుకున్నాడు గానీ మాట్లాడలేదు.

నాకు మాత్రం ఆ రెండు రోజులూ స్తిమితం లేదు. అవ్వ అడిగిన ప్రశ్నలే చెవుల్లో తిరుగుతున్నాయి. నీళ్ళు ఎక్కడివి? ఏం పండుతుంది? నేను బళ్ళో ప్రతి ఏడూ బోర్డు మీద రాసే శీర్షికలే అవి: ఉనికి, నైసర్గిక స్వరూపం, శీతోష్ణస్థితి, పంటలు. పిల్లలు ఆవలిస్తూ రాసుకునేవాళ్ళు, నేనూ ఆవలింత ఆపుకుంటూ చెప్పేదాన్ని. అవే ప్రశ్నలు లేని దేశం గురించి అడిగితే నాకు నిద్ర పట్టడం లేదు. మూడో రోజు పొద్దున అమ్మ చేత పెద్ద నోటుబుక్కు ఒకటి తెప్పించి, వసారా చివరికి వినబడేలా అన్నాను.

"తమ్ముడూ, ఆ పోయిన కాగితాలు మనకెట్లాగూ దొరకవు. దొరకనివి మనమే రాద్దాం. అసలు మొదటి నుంచీ మనమే రాద్దాం. మనకు తెలిసిన ఎండ, మనకు తెలిసిన నేల."

వ్యాపారి పెదవి విరిచాడు. గోడవైపు నుంచే కుర్రాడి గొంతు వినిపించింది.

"స్కేలుందా అక్కా?"

ఆ రోజంతా పటం గీశాం. అయిపోయిన ఏడాది క్యాలెండరు కాగితాన్ని ఇంటివాళ్ళు ఇస్తే, దాని వెనకవైపు గీశాం. అది మంచం నుంచి మంచానికి తిరిగింది. పేరేం పెట్టాలని తెగ వాదించుకున్నాం. నేను సంస్కృతంలో ఏదో గంభీరమైన పేరు చెప్పాను. వ్యాపారి నలుగురి కట్లూ వరసగా చూసి, "దీనికింత ఆలోచనెందుకు? కట్టుసీమ అని పెట్టు" అన్నాడు. కట్టుకథల సీమ కూడా కదా అని కుర్రాడు గట్టిగా నవ్వాడు. అతను నవ్వగా చూడటం అదే మొదలు.

ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరైనా ఏదైనా అడగొచ్చు. పుస్తకంలో జవాబు లేకపోతే, అడిగినవాళ్ళే మర్నాడు పొద్దుటికి జవాబు తేవాలి. నేను రాసుకోవాలి. దాంతో అవ్వకు పని ఎక్కువైపోయింది, ఎందుకంటే అందరికన్నా ఎక్కువ అడిగేది ఆమే. పొద్దున కాఫీ తాగుతూనే మొదలుపెట్టేది.

"రాసుకోమ్మే. కట్టుసీమలో వాగు ఇసక కింద పారతాది. పైన సూస్తే ఒట్టి ఇసక. చెలమ తవ్వితే నీళ్ళు. అయితే తవ్వే ముందర ఆ ఇసకను అడగాల. అడక్కుండా తవ్వితే ఆ నీళ్ళు దప్పిక తీర్చవు, తాగేకొద్దీ ఎండిపోతారు."

నేను కలం పట్టుకుని నోరు తెరుచుకుని ఉండిపోయేదాన్ని. మా జిల్లాలో స్వర్ణముఖి ఏట్లో ఇసక తవ్వి నీళ్ళు తోడటం నేను చూడని సంగతా? దాన్ని ఇట్లా చెప్పవచ్చని మాత్రం తెలియదు.

ఆటకు ఇరవై ముఖాల పాచిక కావాలన్నాడు కుర్రాడు. అట్లాంటిది అతనూ బొమ్మలోనే చూశాడు. అవ్వ ఊరి నుంచి ఆమెను చూడటానికి వచ్చినవాళ్ళు చింతగింజలు తెచ్చారు. అవ్వ మంచి చేత్తో ఒక్కొక్క గింజనూ బండరాయి మీద ఒకవైపు తెల్లగా అరగదీసింది. నేను వాటి మీద ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు వేశాను. పాలపొడి డబ్బాలో పోసి, చూడకుండా చెయ్యి పెట్టి తియ్యాలి. పెద్ద అంకె వస్తే తలపెట్టిన పని అవుతుంది. గింజలు డబ్బాలో గలగలలాడే చప్పుడు వింటే చాలు, వంటింట్లో ఉన్న మా అమ్మ కూడా చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చేది.

ఎగిరే పాము దగ్గర చిక్కొచ్చింది. జిరాక్సు కాగితాల్లో రెక్కలూ పొలుసులూ నిప్పూ అని ఉంది గానీ, మాకెవరికీ అది కళ్ళకు కట్టలేదు. అప్పుడు వ్యాపారి తాను చూసింది చెప్పాడు. సూళ్ళూరుపేట దగ్గర రోడ్డు పక్కన లారీ ఆపుకుని, శ్రీహరికోట నుంచి రాకెట్టు లేవడం చూశాడట.

"ముందు వెలుగొచ్చిందమ్మా. సప్పుడు ల్యా. మబ్బు కింద ఎవురో కొలిమి పెట్టినట్టు వెలుగు. మేం నోరు తెరుచుకోని సూస్తా ఉంటే, అప్పుడొచ్చింది సప్పుడు. చెవుల్లో కాదు, ఈడ, పొట్టలో. క్లీనరు పిల్లోడు లారీ కింద దూరినాడు."

అది నేను పుస్తకంలో ఇట్లా రాశాను: "ముందు వెలుగు వస్తుంది. శబ్దం తర్వాత వస్తుంది. శబ్దం మీకు వినబడేసరికి అది ఇంకెక్కడో ఉంటుంది." రాసింది చదివి వినిపిస్తే కుర్రాడు చేతులు చరిచి, ఆ జిరాక్సు కాగితాల్లో ఇంత బాగా లేదక్కా అన్నాడు. నేను బడిపాఠాలు తప్ప ఏమీ రాసిన మనిషిని కాను. ఆ మాటకు ఆ పూట అన్నం సయించలేదు, అంత సంతోషం.

ఇక ఆట కుదిరింది. రోజూ మధ్యాహ్నం రెండు నుంచి కాఫీల వేళ దాకా. నేను కట్టుసీమలో బళ్ళు లేని ఊళ్ళకు పాఠాలు చెప్పుకుంటూ తిరిగే మనిషిని. వ్యాపారికి ఎద్దులబండి. అవ్వ చింతకాయలు దులిపేదే. ముగ్గురం సీమకు ఈ చివర నుంచి ఆ చివరకు ఒక కబురు మోసుకుపోతున్నాం. ఎండకు బండ పగిలే ఊర్లు దాటాం. నిజం చెబితేగానీ దారి వదలని సుంకంగేటు దగ్గర వ్యాపారి మూడు రోజులు ఇరుక్కుపోయాడు. గదులిచ్చిన ఇంటివాళ్ళు, పాలు పోసే ఆమె, కట్లు చూపించుకోవడానికి ఆ దారిన పోయేవాళ్ళు వసారా మెట్ల మీద కూర్చుని వినేవాళ్ళు. మా గది తలుపు మీద పటం అంటించాం.

ఈ మధ్యలో కుర్రాడు ఎవరికీ చూపించకుండా ఒక కాగితం రాసుకుంటూ వచ్చాడు. వారం రోజులు రాశాడు. అది ఇసుకదున్న. వాగు కింద ఇసకలో ఉంటుంది. ఎవరు దాటబోయినా రంకె వేసి పైకి లేస్తుంది. దాని రంకెకు ఇరువైపులా ఒడ్లు విరిగి పడతాయి. తను స్వయంగా పుట్టించిన మొదటి జంతువు అది. మేం వాగు దగ్గరికి చేరేసరికి అతని కళ్ళు మెరిసిపోతున్నాయి.

అది ఒక ఆదివారం. మర్నాడు అవ్వ కట్టు విప్పుతారు, ఆమె ఊరికి వెళ్ళిపోతుంది. అందుకని ఎట్లాగైనా ఆ వేళ వాగు దాటాలని పట్టుబట్టాం. మెట్ల మీద పదిమంది దాకా జనం. వ్యాపారి బండిని వాగులోకి దింపాడు. ఇసుకదున్న లేచింది. కుర్రాడు మంచం మీద మోకాలి మీద లేచి రంకె వేస్తే గొడ్లపాకలో నిజం దున్న అరిచింది. వ్యాపారి బల్లెంతో పొడుస్తానన్నాడు. గింజ తీస్తే నాలుగు. బండి తిరగబడింది. నేను కేకలు పెట్టి దాన్ని పక్కకు మళ్ళిస్తానన్నాను. నిజంగానే కేక పెట్టాను, గొంతు చించుకుని.

సరిగ్గా అప్పుడే, మమ్మల్ని దించి వెళ్ళాక మొదటిసారిగా, నాయన వచ్చాడు.

చేతిలో సంచితో మెట్ల కింద నిలబడి ఉన్నాడు. మా నాయన తక్కువ మాట్లాడే మనిషి. ఇంట్లో ఆడపిల్లలు గట్టిగా నవ్వితే తల తిప్పి చూసేవాడు, అంతే, మేం ఆగిపోయేవాళ్ళం. ఇప్పుడు ఊరూపేరూ తెలియని మనుషుల మధ్య, చెదిరిన జుట్టుతో, మంచం మీద చేతులూపుతూ కేకలు పెడుతున్న కూతురు. కుర్రాడు చప్పున పడుకున్నాడు. జనం సర్దుకుని దారిచ్చారు.

అవ్వ మాత్రం కదల్లేదు. "అప్పా, నువ్వు ఈయమ్మ నాయనవా? మంచి సమయానికి వచ్చినావు. ఈడ కూసో. ఒక ఘోరం జరగతా ఉండాది" అంది.

నాయన కూర్చోలేదు. "ఏంది ఇదంతా?" అన్నాడు నన్ను చూస్తూ.

నేను నోరు తెరిచేలోపే అవ్వ చెప్పడం మొదలుపెట్టింది. వాగు సంగతి, కబురు సంగతి, తిరగబడిన బండి, అవతల దున్న. అంతా నిన్న వాళ్ళ ఊళ్ళో జరిగినట్టు చెప్పింది. చెప్పి, కుర్రాడి వైపు తిరిగి అడిగింది. "అప్పా, ఈ దున్న మనిషి దాటితేనే అరుస్తాదా, ఎప్పుడూ అరుస్తాదా?"

అతను తలెత్తాడు. కాగితం చూసుకున్నాడు. "ఎప్పుడూ అరుస్తుందవ్వా. దాటితే ఇంకా ఎక్కువ."

"లేచినప్పుడు నాలుగు కాళ్ళ మీదా లేసిందా?"

అతను ఆలోచించలేదు ఆ సంగతి. కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత మెల్లగా, "మూడు కాళ్ళ మీద" అన్నాడు.

"అదీ సంగతి. దానికి కాలు ఇరిగింది. నొప్పికి అరుస్తా ఉండాది. దాన్ని పొడిసేదేంది? కట్టు కట్టాల."

వసారా అంతా ఒక్కసారి ఊపిరి తీసుకున్నట్టయింది. ఆ వసారాలో ప్రతివాళ్ళకూ ఆ అరుపు ఏమిటో తెలుసు.

"కట్టాలంటే పదహారు దాటాలవ్వా" అన్నాడు కుర్రాడు. "తక్కువొస్తే అది తొక్కేస్తుంది."

అవ్వ డబ్బా తీసుకుని నాయన ముందుకు చాచింది. "నా చెయ్యి మంచిది కాదు ఈ పూట. బండిని బోల్తా కొట్టించినోళ్ళం మేం. నువ్వు ఇప్పుడే వచ్చినావు. నువ్వు తియ్యి."

నాయన అమ్మ వైపు చూశాడు. అమ్మ తియ్యమన్నట్టు తల ఊపింది. ఆయన సంచి కింద పెట్టి, చొక్కా చెయ్యి పైకి మడిచి, డబ్బాలో చెయ్యి పెట్టాడు. గింజలను అడుగు నుంచి కలిపాడు, చెనక్కాయల మూటలో చెయ్యి పెట్టి సరుకు చూసేటప్పుడు చేసినట్టే. ఒక గింజ తీసి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"పంతొమ్మిది."

అరుపులు! పాలు పోసే ఆమె ఎగిరి గంతేసింది. వ్యాపారి కట్టున్న కాలు మరిచిపోయి లేవబోయి అబ్బా అని కూలబడి, ఏడుస్తూ నవ్వాడు. కుర్రాడు దున్న కాలికి వెదురు బద్దలు పెట్టడం, పసరు పోయడం, అది తల దించి అవ్వ భుజం వాసన చూడటం చెబుతుంటే అందరం ముందుకు వంగి విన్నాం. ఆ రోజు ఆ కుర్రాడు చెప్పినంత బాగా కథ చెప్పినవాళ్ళను నేను తర్వాత కూడా ఎక్కువమందిని చూడలేదు.

నాయన భోజనం చేశాడు. బస్సుకు బయలుదేరబోతూ, చెప్పులేసుకుని గుమ్మం దగ్గర ఆగాడు. నేను తిట్లకు సిద్ధపడ్డాను.

"ఇంతకీ వాగు దాటినారా లేదా?"

"దాటినాం నాయనా. అదే మమ్మల్ని వీపు మీద ఎక్కించుకుని దాటించింది."

"ఆ పుస్తకం ఇట్లియ్యి. మళ్ళీ వారం తెస్తాను."

ఆ వారం ఎట్లా గడిచిందో చెప్పలేను. అవ్వ వెళ్ళిపోయింది, పోతూ పోతూ తన గిన్నెలో మిగిలిన చింతపండంతా మా అమ్మకిచ్చింది. పుస్తకం లేక ఆట లేదు. మళ్ళీ ఆదివారం నాయన వచ్చి, సంచిలోంచి నోటుబుక్కు తీసి నా ఒళ్ళో పెట్టాడు. చివర ఐదు పేజీలు ఆయన రాతతో నిండి ఉన్నాయి. శీర్షిక "దారులు". కట్టుసీమలో ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎన్ని ఆమడలు, బండికి ఎంత పొద్దు, ఎక్కడ ఎద్దులను విప్పాలి, ఏ కొండ కనమలో గాలి ఎదురు కొడుతుంది. ఒకచోట ఇట్లా రాశాడు: "ఇక్కడ ఒక రాయి ఉంది. ఎండలో వచ్చినవాడు దాని నీడన కూర్చుంటే ఇంటి సంగతి జ్ఞాపకం వస్తుంది. చీకటి పడకముందే లేవాలి, లేకుంటే వెనక్కి తిరిగి పోతాడు." మా నాయన పెళ్ళికి ముందు ఐదేళ్ళు బండి తోలుకుంటూ సంతలు తిరిగాడని అమ్మ చెబితే అప్పుడు తెలిసింది నాకు.

ఆ పేజీలు కుర్రాడికి చదివి వినిపించాను. అతను మళ్ళీ చదవమన్నాడు.

"దీన్ని ఇట్ల ఒక్కటే ఉంచకూడదు" అన్నాడు నాయన ఉన్నట్టుండి. "నీళ్ళు పడినా పోతాది."

చిత్తూరులో తెలిసినవాళ్ళ దుకాణంలో టైపు కొట్టించి, స్టెన్సిల్ కోయించి, సైక్లోస్టైల్లో ఇరవై ప్రతులు తీయించాడు. పటం నేనే స్టెన్సిల్ మీద ములుకుతో గీశాను. నలభై మూడు పేజీలు, దారంతో కుట్టినవి. ఇంకు వాసన ఘాటుగా ఉండేది, వేళ్ళకు నల్లగా అంటేది. మొదటి ప్రతి చేతికొచ్చినప్పుడు నేను కట్టు విప్పించుకుని కర్ర పట్టుకుని నడుస్తున్నాను. వసారాలో ఆ కొస నుంచి ఈ కొసకు పుస్తకాన్ని చంకలో పెట్టుకుని నడిచాను. వ్యాపారి నాలుగు ప్రతులు అడిగి తీసుకున్నాడు, లారీకొకటి పెడతానని. కుర్రాడు ఆరు తీసుకుని మద్రాసు వెళ్ళాడు.

బళ్ళు తెరిచిన తర్వాత ఒక రోజు అతని ఉత్తరం వచ్చింది. హాస్టల్లో కట్టుసీమ ఆడుతున్నారట. సీనియర్లు కూడా వచ్చి కూర్చుంటున్నారట. రాకెట్టు పాము వచ్చినప్పుడు ఒకడు నిజంగానే బల్ల కింద దూరాడట. చివర నాలుగు వాక్యాలు వేరే ఇంకుతో ఉన్నాయి. "అక్కా, ఒక తప్పు జరిగింది. మొన్న ఇసుకదున్నను చంపేశారు. కట్టు సంగతి నేను చెప్పకూడదు కదా, వాళ్ళే కనుక్కోవాలి. అవ్వకు ఎట్లా చెప్పాలో తెలియడం లేదు."

ఆ శనివారం ఒంటిపూట బడి కాగానే బస్సెక్కి వడమాలపేట వెళ్ళాను. అక్కడి నుంచి అడుగుతూ అవ్వ ఊరికి నడిచాను. ఆమె పెరట్లో రెండు చేతులతోనూ చాట పట్టుకుని రాగులు చెరుగుతోంది. నన్ను చూసి ముందు నా నడక చూసింది. కాలు బాగా అతుక్కుందని తృప్తి పడిన తర్వాతే కూర్చోమంది. నేను ఉత్తరం చదివి వినిపించాను.

చాట ఆగిపోయింది.

"సంపేసినారా?"

"అవునవ్వా. వాళ్ళకు తెలియదు కదా."

"మూడు కాళ్ళ మీద లేసిందని సెప్పినా తెలీలేదా?"

"చెప్పే ఉంటాడు. వాళ్ళు పట్టించుకోలేదేమో."

అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. నాకు భయం వేసింది, నిజంగా బాధ పడుతుందేమోనని. పడింది కూడా. కాసేపు రాగుల్లో రాళ్ళు ఏరింది. తర్వాత తలెత్తి, "అయితే ఇప్పుడు వాగు ఎవురు దాటిస్తారు వాళ్ళను?" అంది.

"అదెక్కడా రాయలేదు మనం."

"రాయలేదు గదా. వాళ్ళు ఒడ్డునే ఉండిపోతారు. పాపం, సదువుకునే పిల్లోళ్ళు." ఆమె గొంతు మారింది. చాట పక్కన పెట్టేసింది. "మ్మే, ఆ అవతలి ఒడ్డున ఏముండాదో మనం ఎవురమూ అడగలేదు సూసినావా? దాటేసి ముందుకు పోయినాం, అంతే. ఆడ ఒక ఊరుండాల. ఆ ఊరోళ్ళు రోజూ ఆ దున్న అరుపు ఇంటా పడుకునేటోళ్ళు. ఇప్పుడు అరుపు ఇనపడలే. వాళ్ళకు నిద్ర పట్టడం ల్యా. లేసి, దివిటీలు పట్టుకోని ఒడ్డుకు వస్తారు, ఏమైందో సూడాలని. కాగితం తెచ్చినావా?"

సంచి వెతికితే బడి హాజరు కాగితాల కట్ట దొరికింది. వెనకవైపు తెల్లగా ఉంది. నేను అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. అవ్వ నిలబడి, చేతులు తిప్పుతూ చెబుతోంది. ఆ ఊళ్ళో ఇళ్ళకు తలుపులు ఎటువైపు ఉంటాయి, ముసలివాళ్ళు ఏం పాడతారు, చంపినవాళ్ళను వాళ్ళు మొట్టమొదట ఏం అడుగుతారు. "మెల్లగా చెప్పవ్వా" అని నేను, "బిరబిరా రాయి, మళ్ళీ మర్సిపోతాను" అని ఆమె. పెరటి గోడ మీద నుంచి పక్కింటివాళ్ళు తొంగి చూసి, వాళ్ళలో ఒకామె, "ఆ ఊర్లో సంత ఏ వారం?" అని అడిగింది. రోడ్డు మీద తిరుపతి బస్సు హారను కొట్టుకుంటూ పోవడం వినబడింది. నేను కాగితం తిప్పి రెండో వైపు రాయడం మొదలుపెట్టాను.